ఇంటి సర్వర్‌గా వాడే పాత ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయవద్దు

సంపాదకులకు నమస్కారాలు.

మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లను ఇంటి సర్వర్లుగా మార్చుకోవడం గురించి మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పనిచేసే యంత్రాన్ని చెత్తలో పారేయకుండా, కుటుంబం ఫొటోలు దాచుకోవడానికో ఇంట్లోని ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ బ్యాకప్ తీసుకోవడానికో వాడుకోమన్న సలహా ఎంతో మంచిది. దానితో నాకు ఏ పేచీ లేదు. అయితే పాత ప్రాసెసర్ నెమ్మదిగా ఉంటుంది కనుక బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలోకి) వెళ్లి ఓవర్‌క్లాక్ చేసుకోవాలని, అంటే తయారీదారు నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగంతో నడపాలని, అప్పుడది కొత్త దానికి దీటుగా పనిచేస్తుందని చివర్లో రాసిన భాగం, దాని పక్కన వేసిన వోల్టేజీల పట్టిక పాఠకులను తప్పుదారి పట్టించేలా ఉన్నాయి. సర్వర్ల నిర్వహణ నా వృత్తి. పాత ప్రాసెసర్లను ఓవర్‌క్లాక్ చేసి చూడడం నా సరదా. ఆ రెంటినీ ఒకే యంత్రంలో ఎందుకు కలపకూడదో చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఓవర్‌క్లాకింగ్‌ను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌కు బస్ (మిగతా భాగాలతో దాన్ని కలిపే దారి) వేగం 66 మెగాహెర్ట్జ్, గుణకం నాలుగున్నర; ఈ రెండింటి లబ్ధమే చిప్ వేగం. బస్‌ను 100కు మార్చగానే అదే చిప్ 300కు బదులు 450 మెగాహెర్ట్జ్‌తో పరుగెత్తేది. 2007 నాటి కోర్ 2 క్వాడ్ క్యూ6600 కూడా అటువంటిదే: 266 మెగాహెర్ట్జ్ బస్, 9 గుణకం, వెరసి 2.4 గిగాహెర్ట్జ్. బస్‌ను 333కు పెంచితే 3 గిగాహెర్ట్జ్ వచ్చేది, చాలా చిప్‌లు ఆ వేగాన్ని సునాయాసంగా భరించేవి. ఇదంతా ఎలా సాధ్యమైందంటే తయారీదారు ప్రతి చిప్‌కూ కొంత వెసులుబాటు వదిలి, అది తట్టుకోగల దానికంటే తక్కువ వేగాన్ని పెట్టె మీద ముద్రిస్తాడు. ఆ వెసులుబాటు ఊరికే మిగిలిపోయినది అనుకుంటే పొరపాటు. గది వేడెక్కినప్పుడు, సరఫరాలో వోల్టేజీ క్షణకాలం కుంగినప్పుడు, చిప్ ఏళ్ల తరబడి వాడకంతో అరిగినప్పుడు, అరుదుగా వచ్చే ఒక క్లిష్టమైన లెక్కలో సంకేతం చిప్ లోపలి అతి పొడవైన దారిగుండా ప్రయాణించాల్సి వచ్చినప్పుడు కూడా జవాబు తప్పు కాకూడదనే దాన్ని వదిలిపెడతారు. ఆటలాడుకునే కంప్యూటర్‌లో దాన్ని ఖర్చుపెట్టుకుంటే పోయేదేమీ లేదు. తేడా వస్తే ఆట ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెట్టుకుంటారు. ఎవరూ చూడకుండా రాత్రింబవళ్లు పనిచేస్తూ, ఇంటిల్లిపాదీ ఫైళ్లు దాచే యంత్రం సంగతి వేరు.

అసలు ఇంటి సర్వర్‌లో ప్రాసెసర్ వేగం చాలక పని ఆగడమే అరుదు. గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు మోయగలిగేది కాగితం మీద 125 మెగాబైట్లు. ప్రొటోకాళ్ల ఖర్చు పోగా చేతికందేది అంతకంటే కొంచెం తక్కువ. క్యూ6600 వంటి పాత చిప్ కూడా ఫైళ్లు పంచే పనిలో ఆ తీగను నిండుగా నింపగలదు. ఆ చిప్‌ను 3 గిగాహెర్ట్జ్‌కు పెంచినంత మాత్రాన తీగ వెడల్పు కాదు. వైఫై మీద అయితే ప్రాసెసర్ ఎక్కువసేపు చేతులు ముడుచుకునే కూర్చుంటుంది. సర్వర్ నెమ్మదించిందని ఎవరైనా నాతో అంటే, నేను మొదట అడిగేది మెమరీ ఎంత ఉందని, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్ మీదా ఎస్ఎస్‌డీ మీదా అని. ఈ రెండింటిలో ఏది మార్చినా కంటికి కనిపించే తేడా వస్తుంది.

ప్రాసెసరే అడ్డుపడే సందర్భాలు లేకపోలేదు. కానీ వాటిలో చాలావరకు వేగం తక్కువై వచ్చినవి కావు, చిప్‌లో ఒక సదుపాయం లేక వచ్చినవి. డిస్కులోని సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ సంగతే తీసుకుందాం. అందులో వాడే ఏఈఎస్ పద్ధతి లెక్కలను నేరుగా చేసే ఏఈఎస్-ఎన్ఐ ఆదేశాలు ఇంటెల్ చిప్‌లలోకి 2010లో వచ్చాయి. అవి లేని పాత చిప్‌ను పాతిక శాతం వేగవంతం చేస్తే ఎన్‌క్రిప్షన్ కూడా మహా అయితే పాతిక శాతమే పెరుగుతుంది. ఆ ఆదేశాలున్న చిప్ అదే వేగం వద్ద దానికి ఎన్నో రెట్లు పని చేస్తుంది. లినక్స్‌లో క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ ఆదేశం ఇచ్చి చూస్తే ఈ వ్యత్యాసం నిమిషంలో కళ్లకు కడుతుంది. ఇక మోంగోడీబీ అనే డేటాబేస్‌కు 5.0 వెర్షన్ నుంచి ఏవీఎక్స్ అనే ఆదేశాలు ఉండి తీరాలి, అంటే 2011 నాటి ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరానికి ముందు చిప్‌లలో అది అసలు మొదలే కాదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ అడిగే ఎస్ఎస్ఈ 4.2 ఆదేశాలు క్యూ6600 వంటి కోర్ 2 తరం చిప్‌లలో లేవు. ఎన్ని మెగాహెర్ట్జ్ పోసినా లేని ఆదేశం పుట్టదు కదా!

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. శాండీ బ్రిడ్జ్ తరంలో ఓవర్‌క్లాకింగ్ కోసమే గుణకాన్ని తెరిచి ఉంచిన ఐ5-2500కె, ఐ7-2600కె చిప్‌లలో వీటీ-డీ సదుపాయం లేదు. పేరు చివర కె లేని మామూలు 2500, 2600లలో ఉంది. వర్చువల్ మెషీన్‌కు (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌కు) నెట్‌వర్క్ కార్డునో డిస్క్ కంట్రోలర్‌నో నేరుగా అప్పగించాలంటే ఆ సదుపాయం కావాలి. అంటే సర్వర్ పనికి వచ్చేసరికి, ఓవర్‌క్లాకింగ్ ప్రియులు చిన్నచూపు చూసే చిప్పే మేలు. సెకండ్ హ్యాండ్‌లో కె రకాన్నే ఏరి కొనుక్కోమని మీ వ్యాసం సలహా ఇచ్చింది. నేనైతే అదే డబ్బుకు కె లేనిది తీసుకుంటాను.

ఏఈఎస్ ఆదేశాలు లేని చిప్ మీద బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు భద్రంగా కలిపే వీపీఎన్ నడపాలంటే వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ వాడుకోవచ్చు. అది ఛాఛా20 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీద ఆధారపడుతుంది. ప్రత్యేక ఆదేశాలు లేకపోయినా సాధారణ ప్రాసెసర్ మీద అది చురుకుగా నడుస్తుంది. 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి వైర్‌గార్డ్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. వీడియోల మార్పిడికైతే, ఇంటెల్ చిప్‌లలో శాండీ బ్రిడ్జ్ నుంచి ఉన్న క్విక్ సింక్ అనే విభాగం కోర్లను పెద్దగా కదిలించకుండానే హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ పని చేసిపెడుతుంది. పనికి తగిన దారి ఎంచుకుంటే చాలాసార్లు ఓవర్‌క్లాకింగ్ ప్రసక్తే రాదు.

కరెంటు సంగతి వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ప్రాసెసర్ పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు వేగానికి అనులోమంగా పెరుగుతుంది. వోల్టేజీకైతే దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 1.25 వోల్టుల వద్ద 2.4 గిగాహెర్ట్జ్‌తో నడిచే చిప్‌ను 3 గిగాహెర్ట్జ్‌కు తేవడానికి 1.40 వోల్టులు ఇవ్వాల్సి వచ్చిందనుకుందాం. వేగం పెరిగింది పాతిక శాతం. పూర్తి భారం మీద విద్యుత్తు, దానితోపాటే వేడి, సుమారు ఒకటిన్నర రెట్లు దాటింది. అంతకంటే ముఖ్యమైనది ఖాళీగా ఉన్నప్పటి ఖర్చు, ఎందుకంటే ఇంటి సర్వర్ రోజులో అత్యధిక భాగం ఖాళీగానే ఉంటుంది. ఓవర్‌క్లాక్ నిలకడగా ఉండాలంటే సీ1ఈ, స్పీడ్‌స్టెప్ వంటి పొదుపు ఏర్పాట్లను ఆపేసి వోల్టేజీని ఒకేచోట బిగించమని పాతకాలపు సూచనలన్నీ చెబుతాయి. అలా చేసినప్పుడు పనిలేని వేళ కూడా చిప్ పూర్తి వోల్టేజీ తింటూ ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. అదనంగా పది వాట్లు పీల్చే యంత్రం ఏడాదిలో 87 యూనిట్లకు పైగా, ముప్పై వాట్లు పీల్చేది 262 యూనిట్లకు పైగా వృథా చేస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నా అసలు అభ్యంతరం మరొకటి. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రం తప్పు చేస్తే నీలి తెర వస్తుందనీ ఆగిపోతుందనీ అందరూ అనుకుంటారు. ఆగిపోతే నయమే. కొన్నిసార్లు అది ఆగదు. ఒక లెక్కకు తప్పు జవాబు ఇచ్చి, ఏమీ జరగనట్టే ముందుకు సాగుతుంది. ఒక పరిచయస్థుడి ఇంట్లో నేను చూసిన సర్వర్ అలాంటిదే. పాత ఫొటోల ఫోల్డర్ తెరిస్తే కొన్ని బొమ్మల పైభాగం చక్కగా ఉంది, ఒక గీత దగ్గర నుంచి కిందిదంతా రంగులు పక్కకు జరిగి, కొన్నింట్లో బూడిదరంగు పట్టీగా మారిపోయింది. జేపెగ్ ఫైలులో సమాచారం ఒకదాని వెంట ఒకటిగా కుదించి ఉంటుంది కనుక ఒక్క బిట్ తారుమారైతే అక్కడి నుంచి కింది భాగమంతా గతి తప్పుతుంది. డిస్కులు పరీక్షిస్తే నిక్షేపంగా ఉన్నాయి. ఒక పెద్ద వీడియో ఫైలుకు షా256 హ్యాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కకట్టే వేలిముద్ర వంటి అంకె) తీసి, వెంటనే అదే ఫైలుకు మళ్లీ తీస్తే రెండు వేర్వేరు జవాబులు వచ్చాయి. ఫైలు మారలేదు, డిస్కు మారలేదు, లెక్కే మారుతోంది. బయోస్‌లో అన్నింటినీ ఫ్యాక్టరీ విలువలకు తెచ్చాక ఎన్నిసార్లు తీసినా ఒకటే హ్యాష్. అప్పటికే పాడైన ఫొటోలు మాత్రం తిరిగి రాలేదు, ఎందుకంటే బ్యాకప్ కూడా ఆ యంత్రం గుండానే వెళ్లింది.

జెడ్ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్ చెక్‌సమ్‌లతో, అంటే సమాచారంతోపాటు దాచే సరిచూపు అంకెలతో, కాపాడుతుంది కదా అని కొందరు అడుగుతారు. డిస్కు మీద పడ్డాక జరిగే చెరుపును అది పట్టుకుంటుంది, నిజమే. కానీ చెక్‌సమ్ లెక్కకట్టడానికి ముందే ప్రాసెసర్ గానీ మెమరీ గానీ సమాచారాన్ని చెడగొడితే, ఆ చెడిన సమాచారానికే చెక్‌సమ్ ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తనిఖీ చేసినా అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పైగా డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి తప్పులు దిద్దుకునే ఈసీసీ మెమరీ పెట్టే వీలు లేదు.

ప్రాసెసర్‌ను భారం కింద పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామ్ రాత్రంతా నడిచిందంటే యంత్రం స్థిరంగా ఉన్నట్టే అని మీ వ్యాసకర్త గారు రాశారు. అది అవసరమైన పరీక్షే, దాంతో సరిపోదు. ఆ పరీక్ష ప్రాసెసర్‌ను ఎడతెరిపి లేని ఒకే భారం కింద ఉంచుతుంది. సర్వర్ జీవితం అలా ఉండదు: గంటల కొద్దీ నిద్ర, అకస్మాత్తుగా బ్యాకప్ మొదలై అన్ని కోర్లూ ఒక్కసారి లేవడం, మళ్లీ నిద్ర. ఖాళీ నుంచి భారంలోకి, భారం నుంచి ఖాళీలోకి మారే ఆ క్షణాల్లోనే వోల్టేజీ ఊగుతుంది. పూర్తి భారం మీద నిలబడిన చిప్ ఖాళీగా ఉన్న వేళ కూలిపోవడం ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకు బాగా తెలిసిన విషయమే. చలికాలంలో నెగ్గిన పరీక్ష ఎండాకాలానికి చెల్లదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. మైక్రోసాఫ్ట్‌లో సుదీర్ఘకాలం విండోస్ మీద పనిచేసిన రేమండ్ చెన్, క్రాష్ నివేదికల్లో ఎదురైన ఒక విచిత్రాన్ని 2005లో వివరించారు: ప్రాసెసర్ లోపలి రిజిస్టర్ అనే చిన్న నిల్వ గడిని సున్నా చేయడం తప్ప మరేమీ చేయని, మెమరీని తాకనైనా తాకని ఆదేశం దగ్గర ప్రోగ్రామ్ కూలిపోయింది. సిద్ధాంతపరంగా అది విఫలం కావడానికి వీల్లేదు. ఆరా తీస్తే అలాంటి యంత్రాల్లో ఎన్నో ఓవర్‌క్లాక్ చేసినవని తేలింది. కొందరు యజమానులకు తమ కంప్యూటర్ అమ్మేటప్పటికే ఓవర్‌క్లాక్ అయి ఉందన్న సంగతే తెలియదు. తర్వాత 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పది లక్షల ఇంటి కంప్యూటర్ల క్రాష్ నివేదికలను పరిశీలించి ప్రచురించిన పత్రంలో, ఓవర్‌క్లాక్ చేసిన యంత్రాల్లో ప్రాసెసర్ వైఫల్యాలు స్పష్టంగా ఎక్కువని, నిర్దేశిత వేగం కంటే తగ్గించి నడిపినవి మామూలు వాటికన్నా నమ్మకంగా ఉన్నాయని తేల్చారు. ఒకసారి విఫలమైన యంత్రం మళ్లీ విఫలమయ్యే అవకాశం ఎంతో ఎక్కువని కూడా అందులో ఉంది.

పాత మదర్‌బోర్డుల విషయంలో మరొక చిక్కు. కోర్ 2 కాలంలో చాలా చిప్‌లలో గుణకాన్ని పెంచే వీలు లేకుండా బిగించి ఉంచేవారు కనుక వేగం పెంచాలంటే బస్‌నే పెంచాలి. దానితో మెమరీ, చిప్‌సెట్ కూడా పరుగు అందుకుంటాయి. అంతకు ముందు తరం బోర్డుల్లో పీసీఐ బస్‌ను 33 మెగాహెర్ట్జ్ వద్ద నిలిపే తాళం లేకపోతే డిస్క్ కంట్రోలర్ కూడా గతి తప్పి డిస్కు మీదికి చెత్త రాసేది. ఇక బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు పది, పదిహేనేళ్లుగా ఎండుతూ ఉన్నవి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరికీ తెలిసిన లెక్క. ఓవర్‌క్లాక్ భారమంతా ముందుగా పడేది ప్రాసెసర్ పక్కనే ఉండే ఆ కెపాసిటర్ల మీదే.

ఇంకొకటి, చూడడానికి చిన్నదే. కరెంటు పోయి వచ్చిన తర్వాత ఇంటి సర్వర్ తనంతట తాను లేచి పనిలో పడాలి; అందుకే బయోస్‌లో దానికొక ఏర్పాటు ఉంటుంది. ఓవర్‌క్లాక్ చేసిన బోర్డు చల్లబడ్డాక మొదటిసారి లేవడంలో తడబడితే, ఓవర్‌క్లాకింగ్ విఫలమైంది, ముందుకు వెళ్లడానికి ఎఫ్1 నొక్కండి అని తెర మీద రాసి ఆగిపోతుంది. ఆ తెర ఎక్కడుంది? సర్వర్‌కు మానిటరూ లేదు, కీబోర్డూ లేదు. యజమాని ఊళ్లో లేకపోతే, ఫ్యాన్లు తిరుగుతూ, దీపం వెలుగుతూ, బ్యాకప్ లేకుండా రోజులు గడిచిపోతాయి.

వేగం నిజంగా కావాల్సిన పని ఇంట్లో ఒకటి రెండు ఉంటాయని ఒప్పుకుంటాను. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ సెకనుకు 20 టిక్‌లు (ఆటలోకాన్ని ముందుకు నడిపే అడుగులు), అంటే ఒక్కో టిక్ 50 మిల్లీసెకన్లలో, ప్రధానంగా ఒకే థ్రెడ్ మీద పూర్తి చేయాలి. అక్కడ కోర్ల సంఖ్య కన్నా ఒక కోర్ వేగమే ముఖ్యం. పిల్లల ఆట కోసం 2500కె ఉన్న పెట్టెను వేరుగా పెట్టి, గుణకాన్ని మాత్రమే కాస్త పెంచి నడుపుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఆ పెట్టెలో ఫొటోలు ఉండకూడదు, అంతే. శాండీ బ్రిడ్జ్ తరంలో 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్ (గుణకంతో హెచ్చించే మూల వేగం) మీదే మిగతా బస్‌లు కూడా ఆధారపడి ఉంటాయి కనుక దాని జోలికి అసలు పోవద్దు. భారాన్ని బట్టి చిప్ తనంతట తాను వేగం పెంచుకునే టర్బో బూస్ట్‌ను ఆపనక్కర్లేదు. అది తయారీదారు పరీక్షించి ఇచ్చిన హద్దుల్లోదే.

ఫైళ్లు దాచే సర్వర్‌కైతే నేను చెప్పేది వ్యాసానికి సరిగ్గా వ్యతిరేకం: వేగం కాస్త తగ్గించండి. క్యూ6600 గుణకాన్ని 9 నుంచి 8కి దించితే 2.13 గిగాహెర్ట్జ్ అవుతుంది. ఆ వేగానికి 1.25కు బదులు 1.10 వోల్టులతో నిలబడే చిప్ దొరికితే పూర్తి భారం మీద ప్రాసెసర్ ఖర్చు దాదాపు మూడో వంతు తగ్గుతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది, కెపాసిటర్లు చల్లగా ఉంటాయి. వోల్టేజీ తగ్గించడం కూడా వెసులుబాటును తినే పనే కనుక వేగం తగ్గించకుండా వోల్టేజీ ఒక్కటే తగ్గించడాన్ని నేను సిఫారసు చేయను. కొలుచుకునే ఓపిక లేనివాళ్లు గుణకాన్ని దించి వోల్టేజీని దాని మానాన వదిలేయడం క్షేమం. సెకండ్ హ్యాండ్ బోర్డు కొన్నవాళ్లు ముందుగా బయోస్‌లో ఫ్యాక్టరీ విలువలు లోడ్ చేసి, ఎక్స్ఎంపీ ప్రొఫైల్ ఆపేసి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఒక రాత్రంతా నడిపించాలి. ఎక్స్ఎంపీ కూడా మెమరీని ప్రామాణిక వేగం దాటించేదే అని, తాము ఓవర్‌క్లాకింగ్ జోలికే పోలేదని చెప్పే చాలామందికి తెలియదు.

చివరిగా మీరు ప్రచురించిన వోల్టేజీల పట్టిక గురించి. క్యూ6600కు ఇంటెల్ ఇచ్చిన వోల్టేజీ పరిధి 0.85 నుంచి 1.5 వోల్టుల వరకు ఉంటుంది. ఆ పరిధిలో ఏ చిప్‌కు ఎంత కావాలన్నది తయారీ సమయంలో ఒక్కోదానికి విడిగా నిర్ణయించి అందులోనే రాసి ఉంచుతారు. ఒకే నమూనా చిప్‌లు రెండు పక్కపక్కన పెడితే రెండింటి అవసరమూ ఒకటి కాకపోవచ్చు. అటువంటప్పుడు నమూనా పేరు పక్కన ఒకే ఒక్క అంకె వేసి, దాన్ని బయోస్‌లో టైపు చేసుకోమనడం సరికాదు. వచ్చే వారం ఆ శీర్షికలో ఈ పట్టికకు సవరణ వేయాలని, అలా కుదరకపోతే కనీసం అది ఫైళ్లు దాచే సర్వర్లకు వర్తించదన్న గమనికైనా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు